యూరో ఒక్కటే, ఖజానాలు ఇరవై ఒకటి: తరచుగా అడిగే ప్రశ్నలు

యూరో గురించి వార్తల్లో ఎక్కువగా వినపడేది వడ్డీ రేటు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్న మాటే. నా దృష్టిలో అసలు చిక్కు రేటులో లేదు. రేటు నిర్ణయించే చెయ్యి ఒకటే, పన్నులు వేసి ఖర్చు పెట్టే చేతులు మాత్రం ఇరవై ఒకటి. ఈ ఏర్పాటులో తేడా వచ్చినప్పుడల్లా ఆ బరువు చివరికి ఎవరి ఉద్యోగం మీదో, ఎవరి జీతం మీదో, ఎవరి పింఛను మీదో పడుతోంది. అందుకే ఈ ప్రశ్నలను కాస్త ఓపిగ్గా విడమరిచి చెప్పాలనిపించింది.

యూరోపియన్ యూనియన్, యూరోజోన్ రెండూ ఒకటేనా?

కాదు. యూనియన్‌లో 27 దేశాలున్నాయి. వాటిలో యూరో వాడేవి 21. 1999 జనవరి 1న 11 దేశాలతో మొదలైంది. అప్పుడు యూరో బ్యాంకు ఖాతాల్లో మాత్రమే ఉండేది, నోట్లు, నాణేలు 2002 జనవరి 1న చేతికొచ్చాయి. 2023లో క్రొయేషియా, 2026 జనవరి 1న బల్గేరియా చేరాయి. స్వీడన్, పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ లాంటివి యూనియన్‌లో ఉన్నా సొంత కరెన్సీలనే వాడుతున్నాయి.

ద్రవ్య విధానం, కోశ విధానం అంటే ఏమిటి? ఏది ఎవరి చేతిలో ఉంది?

వడ్డీ రేట్లు, బ్యాంకులకు అందే డబ్బు, సెంట్రల్ బ్యాంకు కొనే బాండ్లు (ప్రభుత్వాల అప్పు పత్రాల్లాంటివి) ఇవన్నీ ద్రవ్య విధానం కిందికి వస్తాయి. పన్నులు, ప్రభుత్వ ఖర్చు, బడ్జెట్ లోటు, ప్రభుత్వ అప్పు కోశ విధానం. మామూలు దేశంలో ఈ రెండూ ఒకే రాజధానిలో, ఒకే జనానికి జవాబు చెప్పుకునే వ్యవస్థలో ఉంటాయి. యూరోజోన్‌లో మొదటిది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు (ఈసీబీ) చేతిలో ఉంది. రెండోది 21 ప్రభుత్వాల చేతుల్లో ఉంది. మొత్తం యూనియన్‌కు ఒక ఉమ్మడి బడ్జెట్ ఉన్నమాట నిజమే గానీ, అది సభ్యదేశాల ఆదాయంలో ఇంచుమించు 1 శాతం. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఆ దేశ జీడీపీలో 20 శాతానికి పైగా ఖర్చు పెడుతుంది. ఒక రాష్ట్రంలో పరిశ్రమలు మూతపడితే వాషింగ్టన్ నుంచి ఆరోగ్య సాయం లాంటివి దానంతటదే అక్కడికి వెళ్తాయి. యూరోజోన్‌లో ఆ కాలువ ఇప్పటికీ సన్నగానే పారుతోంది.

వడ్డీ రేటును ఎవరు నిర్ణయిస్తారు? పెద్ద దేశాల మాటే చెల్లుతుందా?

ఈసీబీ పాలకమండలి ఆరు వారాలకోసారి కూర్చుని నిర్ణయిస్తుంది. అందులో ఆరుగురు కార్యనిర్వాహక సభ్యులు, ప్రతి దేశపు సెంట్రల్ బ్యాంకు గవర్నరు ఉంటారు. ఓట్లు మొత్తం 21. ఆరుగురికీ ఎప్పుడూ ఓటు ఉంటుంది. ఐదు పెద్ద దేశాల గవర్నర్లు నాలుగు ఓట్లను, మిగిలిన దేశాలవాళ్లు పదకొండు ఓట్లను వంతులవారీగా పంచుకుంటారు. అంటే జర్మనీ గవర్నరుకు కూడా ఓటు లేని నెల వస్తుంది. వాళ్లు తమ దేశం తరఫున కాక మొత్తం యూరోజోన్ కోసం ఆలోచించాలన్నది నియమం. లక్ష్యం కూడా ఒకటే, ద్రవ్యోల్బణం 2 శాతం దగ్గర నిలబడాలి. ఇది సగటుకు పెట్టిన లక్ష్యం, ఏ ఒక్క దేశానికీ పెట్టింది కాదు. చిక్కు ఆ సగటు దగ్గరే మొదలవుతుంది.

ఒకే వడ్డీ రేటు అందరికీ ఎలా సరిపోతుంది?

సరిపోదు. 2022 చూడండి. రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక గ్యాస్, కరెంటు ధరలు ఎగిశాయి. ఆ ఏడాది అక్టోబరులో యూరోజోన్ సగటు ద్రవ్యోల్బణం 10.6 శాతానికి చేరింది. ఎస్టోనియాలో ఆగస్టులోనే 25 శాతం దాటింది. ఫ్రాన్స్‌లో ప్రభుత్వం కరెంటు, గ్యాస్ ధరలకు పరిమితి పెట్టింది కాబట్టి 7 శాతం దగ్గరే ఉండింది. ఈ ఇద్దరికీ ఫ్రాంక్‌ఫర్ట్ ఇవ్వగలిగింది ఒకే మందు, ఒకే మోతాదు.

ఆ మోతాదు కూడా గట్టిదే. 2022 జూలైలో మొదలుపెట్టి 2023 సెప్టెంబరు దాకా వరసగా పదిసార్లు రేటు పెంచారు. అప్పటిదాకా మైనస్ 0.5 శాతం ఉన్న డిపాజిట్ రేటు (బ్యాంకులు ఈసీబీ దగ్గర ఉంచే డబ్బుకు వచ్చే వడ్డీ) 4 శాతానికి వెళ్లింది. 2024 జూన్ నుంచి మళ్లీ దించుతూ 2025 జూన్ నాటికి 2 శాతానికి తెచ్చి, ఆ ఏడాది చివరి దాకా అక్కడే ఆపారు. సగటు ద్రవ్యోల్బణం కూడా 2 శాతం దగ్గరికొచ్చింది. అయినా 2025లో ఫ్రాన్స్‌లో అది 1 శాతం చుట్టుపక్కల ఉంటే ఎస్టోనియాలో 4 శాతం పైనే ఉండింది. 2 శాతం వడ్డీ ఫ్రాన్స్‌కు నిజంగా బరువు. ఎస్టోనియాలో ధరలు వడ్డీ కన్నా వేగంగా పెరుగుతున్నాయి కాబట్టి అక్కడ అప్పు తీసుకోవడం లాభసాటి. రేటు అదే, ఒక చోట బ్రేకు, ఇంకో చోట యాక్సిలరేటరు.

ఇందులో ఇంకా ప్రమాదకరమైన సంగతి ఉంది. ఇది ఒక ఏడాదితో పోయేది కాదు. 2003 జూన్ నుంచి 2005 డిసెంబరు దాకా ఈసీబీ ప్రధాన రేటు 2 శాతం. అప్పుడు జర్మనీ నీరసంగా ఉంది, దానికి ఆ రేటు అవసరమే. స్పెయిన్, ఐర్లండ్‌లలో మాత్రం ధరలు, జీతాలు, ఇళ్ల రేట్లు దూసుకుపోతున్నాయి. అక్కడ ఆ అప్పు దాదాపు ఊరికే వచ్చినట్టు. బ్యాంకులు ఇళ్ల మీద ఎడాపెడా అప్పులిచ్చాయి. 2007 నాటికి స్పెయిన్ ప్రభుత్వ అప్పు జీడీపీలో 40 శాతం లోపే, పైగా బడ్జెట్ మిగులు. ఐర్లండ్ అప్పు 25 శాతం దరిదాపుల్లో. కాగితం మీద చూస్తే క్లాసులో ఫస్టు వచ్చే పిల్లల్లాంటి దేశాలు. ఆ రెండే తర్వాత మునిగాయి. దక్షిణాది దేశాలన్నీ దుబారా చేసి చెడ్డాయనే మాట ఇప్పటికీ చాలామంది నోట వస్తుంది. గ్రీసు విషయంలో అందులో నిజం ఉంది. స్పెయిన్, ఐర్లండ్ విషయంలో అది అన్యాయమైన మాట.

వడ్డీ రేటు పెరిగితే మామూలు ఇంటికి ఏమవుతుంది? అన్ని దేశాల్లో ఒకేలా ఉంటుందా?

ఇది లెక్క వేసి చూస్తేనే అర్థమవుతుంది. ఒక కుటుంబం ఇంటి కోసం లక్షా యాభై వేల యూరోలు 25 ఏళ్లకు అప్పు తీసుకుందనుకుందాం. ఫిన్లండ్‌లో, స్పెయిన్‌లో చాలాకాలంగా ఎక్కువ గృహరుణాలు మారే వడ్డీవే. యూరిబోర్ అనే మార్కెట్ రేటుకు బ్యాంకు తన వంతు కొంత కలుపుతుంది. ఏడాదికోసారి కొత్త రేటు చూసి వాయిదా మారుస్తుంది. 2021 చివర్లో ఏడాది యూరిబోర్ మైనస్ 0.5 శాతం. బ్యాంకు వంతు 1 శాతం కలిపితే వడ్డీ 0.5 శాతం, నెల వాయిదా సుమారు 532 యూరోలు. 2023 శరదృతువులో యూరిబోర్ 4 శాతం దాటింది. 4 అనుకున్నా వడ్డీ 5 శాతం, అదే అప్పుకు వాయిదా సుమారు 877. నెలకు 345 యూరోలు అదనం. జీతం మారలేదు, ఇల్లు మారలేదు, బ్యాంకు నుంచి ఒక ఉత్తరం వచ్చింది, అంతే.

అదే అప్పును ఫ్రాన్స్‌లో తీసుకున్న కుటుంబానికి ఏ ఉత్తరమూ రాలేదు. అక్కడ గృహరుణాల్లో అత్యధికం మొదటి రోజు ఖాయం చేసిన వడ్డీకే చివరిదాకా నడుస్తాయి. వాళ్లకు నష్టం ఇంకోరకంగా వచ్చింది. కొత్తగా ఇల్లు కొనాలనుకునేవాళ్లకు అప్పు పుట్టడం కష్టమైంది, అమ్మకాలు పడిపోయాయి. ఈసీబీ ఒక మీట నొక్కితే హెల్సింకిలో కొన్ని నెలల్లో, పారిస్‌లో కొన్నేళ్లలో ఫలితం కనిపిస్తుంది. ఈ తేడాను ఫ్రాంక్‌ఫర్ట్ సరిచేయలేదు. చేయగలిగితే ఆయా ప్రభుత్వాలే పన్నులతోనో, సాయంతోనో చేయాలి. వాటి చేతులు ఎంత కట్టేసి ఉంటాయో కింద చూద్దాం.

సొంత కరెన్సీ ఉన్న దేశానికి ఉండి, యూరో దేశానికి లేనిది ఏమిటి?

మారకపు రేటు. సరుకులు బయట అమ్ముడుపోకపోతే సొంత కరెన్సీ విలువ పడిపోతుంది, ఎగుమతులు చౌకవుతాయి, దిగుమతులు ప్రియమవుతాయి. నొప్పి అందరికీ కొంచెం కొంచెం పంచినట్టవుతుంది. యూరో దేశానికి ఆ దారి లేదు. చౌక కావాలంటే జీతాలు, ధరలు నేరుగా తగ్గాలి. జీతం కోతను ఎవరూ తేలిగ్గా ఒప్పుకోరు, కాబట్టి ముందు ఉద్యోగాలు పోతాయి, నిరుద్యోగం భయంతో తర్వాత జీతాలు దిగుతాయి. అర్థశాస్త్రంలో దీనికి అంతర్గత మూల్యహీనీకరణ లాంటి పెద్ద పేరుంది. గ్రీసులో దాని అర్థం 2013లో 27 శాతం దాటిన నిరుద్యోగం, యువతలో సగానికి పైగా పని లేకపోవడం, జీడీపీలో నాలుగో వంతు ఆవిరి కావడం.

ఉమ్మడి కరెన్సీ ఎప్పుడు నిలబడుతుందో అర్థశాస్త్రవేత్త రాబర్ట్ ముండెల్ 1961లోనే రాశాడు. కష్టం వచ్చిన చోటు నుంచి పని ఉన్న చోటికి మనుషులు కదలగలగాలి అన్నది ఆయన ముఖ్యమైన షరతు. ఐరోపాలో సరిహద్దు దాటడం తేలికే. భాష దాటడం కష్టం. ఏథెన్స్ నర్సు హాంబర్గ్‌లో పని చేయాలంటే ముందు జర్మన్ నేర్చుకోవాలి. అయినా వేలమంది చదువుకున్న యువత వెళ్లారు. వాళ్లు బతికారు, ఆ దేశం వాళ్లను పోగొట్టుకుంది. దీన్ని సర్దుబాటు అని రాసి ఊరుకోవడం నాకు మింగుడు పడదు.

2015లో గ్రీసులో జరిగింది ద్రవ్య విధానమా, కోశ విధానమా?

రెండూ ఢీకొన్న చోటు అది. 2009 అక్టోబరులో కొత్త ప్రభుత్వం వచ్చి లోటు పాత లెక్కల కన్నా ఎంతో ఎక్కువని బయటపెట్టింది. చివరికి తేలింది జీడీపీలో 15 శాతానికి పైగా. 2010, 2012, 2015లలో మూడుసార్లు బెయిల్‌అవుట్ (షరతులతో ఇచ్చే ఆదుకునే అప్పు) తీసుకోవాల్సి వచ్చింది. 2015 జూన్ చివర్లో చర్చలు చెడిపోయాయి. గ్రీసు బ్యాంకులకు ఇచ్చే అత్యవసర నగదును ఇక పెంచేది లేదని ఈసీబీ చెప్పింది. మర్నాటి నుంచి బ్యాంకులు మూత.

ఏటీఎంలో కార్డుకు రోజుకు 60 యూరోలే. కొన్నాళ్లకు ఇరవై నోట్లు అయిపోయాయి, యాభై నోటు ఒక్కటే చేతికొచ్చేది, అంటే 60 కాస్తా 50 అయింది. ఏటీఎం కార్డు లేని పింఛనుదారుల కోసం కొన్ని బ్రాంచీలు తెరిచి వారానికి 120 యూరోలు ఇచ్చారు. ఎండలో వరసల్లో నిలబడ్డ ఆ ముసలివాళ్లు ఏ లెక్కా తారుమారు చేసినవాళ్లు కాదు. కానీ తమ నోట్లను తాము అచ్చువేసుకోలేని దేశంలో, సెంట్రల్ బ్యాంకు చెయ్యి వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో అనుభవించింది వాళ్లే. జూలై 5న రిఫరెండంలో జనం షరతులు వద్దన్నారు. వారం తిరిగేసరికి ప్రభుత్వం అంతకన్నా కఠినమైన షరతులకు ఒప్పుకుంది. 2018 ఆగస్టులో గ్రీసు ఆ కార్యక్రమం నుంచి బయటపడింది. ఇప్పుడు కథ మారింది. 2020లో జీడీపీలో 200 శాతం దాటిన అప్పు 2024 చివరికి 155 శాతం లోపుకు వచ్చింది, బడ్జెట్ మిగులులో ఉంది. దానికి జనం కట్టిన ధర మాత్రం మామూలుది కాదు.

అంత కష్టమైతే యూరో వదిలేసి వెళ్లిపోవచ్చు కదా?

ఒప్పందాల్లో యూరో నుంచి మాత్రమే తప్పుకునే దారి రాసిలేదు. రాసి ఉన్నా అప్పులు యూరోల్లో ఉంటాయి, కొత్త కరెన్సీ విలువ పడిపోతుంది, అప్పు ఒక్కసారి కొండంత అవుతుంది. వెళ్తారన్న పుకారు వస్తే చాలు, జనం డిపాజిట్లు వేరే దేశానికి తరలిస్తారు. అందుకే ఎంత చెడినా ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు.

ఈసీబీ ప్రభుత్వాల బాండ్లు కొని ఆదుకోవచ్చు కదా?

నేరుగా ప్రభుత్వం దగ్గర కొనకూడదు. ఒప్పందంలోని 123వ అధికరణం నిషేధించింది. ఒక దేశపు అప్పుకు ఇంకొకరు బాధ్యులు కారని 125వ అధికరణం చెబుతుంది. మార్కెట్‌లో ఇప్పటికే ఉన్న బాండ్లను మాత్రం కొనొచ్చు. ఆ సందులోంచే గత పదిహేనేళ్ల చరిత్ర అంతా నడిచింది.

2012 జూలైలో స్పెయిన్ పదేళ్ల బాండ్ల మీద వడ్డీ 7 శాతం దాటింది. ఆ వడ్డీకి అప్పు తెచ్చుకుంటే ఏ దేశమైనా మునుగుతుంది. మునుగుతుందన్న భయమే వడ్డీని ఇంకా పెంచుతుంది. జూలై 26న లండన్‌లో అప్పటి ఈసీబీ అధ్యక్షుడు మారియో ద్రాగీ, తమ అధికార పరిధిలో యూరోను కాపాడటానికి ఎంత దూరమైనా వెళ్తామన్నాడు. సెప్టెంబరులో దానికో పథకం ప్రకటించారు. ఆ పథకం కింద ఒక్క బాండు కూడా కొనలేదు. కొంటారన్న నమ్మకంతోనే వడ్డీలు దిగాయి.

మాట జారితే ఏమవుతుందో కూడా చూశాం. 2020 మార్చి 12న, కోవిడ్ ఇటలీని కమ్మేస్తున్న రోజుల్లో, దేశాల బాండ్ల మధ్య వడ్డీ తేడాను తగ్గించడం తమ పని కాదని ఈసీబీ అధ్యక్షురాలు క్రిస్టీన్ లగార్డ్ విలేకరుల ముందు అంది. అదే రోజు ఇటలీ బాండ్లు కుప్పకూలాయి. ఆరు రోజుల తర్వాత ఈసీబీ 75,000 కోట్ల యూరోల అత్యవసర కొనుగోలు ప్రకటించింది, తర్వాత దాన్ని 1,85,000 కోట్లకు పెంచింది.

2022 జూలైలో టీపీఐ అనే మరో సాధనం తెచ్చారు. సరైన కారణం లేకుండా ఒక దేశపు బాండ్ల మీద దాడి జరిగితే ఈసీబీ దిగి కొంటుంది. కానీ ఆ దేశం యూనియన్ బడ్జెట్ నిబంధనలు పాటిస్తూ ఉండాలి, అప్పు తీర్చగలిగే స్థితిలో ఉండాలి. ఇక్కడ ఈసీబీ అడకత్తెరలో పోకచెక్క. ఎన్నిక కాని బ్యాంకు ఎన్నికైన ప్రభుత్వం బడ్జెట్ మంచిదో చెడ్డదో తేల్చాలి. కొంటే దుబారాకు తోడ్పడ్డారంటారు. కొనకపోతే యూరోను వదిలేశారంటారు. ద్రవ్య విధానానికీ కోశ విధానానికీ మధ్య గోడ ఉందని చెప్పుకుంటాం గానీ, కష్టకాలంలో ఆ గోడకు తలుపు ఉందని అందరికీ తెలుసు. ఆ తలుపు తాళం ఎవరి దగ్గరుండాలన్నదే తేలలేదు.

లోటు 3 శాతం, అప్పు 60 శాతం అన్న అంకెలు ఎక్కడివి?

1992 ఫిబ్రవరిలో సంతకాలైన మాస్ట్రిక్ట్ ఒప్పందంలోవి. 60 శాతం అప్పటి సగటు అప్పుకు దగ్గరి అంకె. దాని వెనక చిన్న లెక్క ఉంది. దేశ ఆదాయం 100, అప్పు 60 అనుకోండి. ధరలతో కలిపి ఆదాయం ఏటా 5 శాతం పెరిగితే 105 అవుతుంది. లోటు 3 అయితే అప్పు 63. 105లో 63 అంటే మళ్లీ సరిగ్గా 60 శాతం. చూడటానికి ముచ్చటైన లెక్క. కానీ ఆదాయం 3 శాతమే పెరిగితే అదే లోటుతో అప్పు మెల్లగా 100 శాతం వైపు నడుస్తుంది. ఐరోపాలో 5 శాతం పెరుగుదల కలగా మారి చాలా కాలమైంది. అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి.

నిబంధనను మొదట దాటినవాళ్లలో పెద్దవాళ్లే ఉన్నారు. 2003 నవంబరులో జర్మనీ, ఫ్రాన్స్‌ల లోటు 3 శాతం దాటినా ఆర్థిక మంత్రులు చర్యలను పక్కన పెట్టేశారు. నియమం చిన్నవాళ్లకే అన్న అభిప్రాయం ఆ రోజే పడింది, ఇప్పటికీ పోలేదు.

2024లో నిబంధనలు మారాయంటున్నారు. ఏం మారింది?

కోవిడ్ వల్ల 2020 మార్చి నుంచి 2023 చివరి దాకా నిబంధనలను నిలిపేశారు. 2024 ఏప్రిల్ 30న కొత్తవి అమల్లోకి వచ్చాయి. 3, 60 అలాగే ఉన్నాయి, కొలిచే తీరు మారింది. ప్రతి దేశం నాలుగేళ్ల ప్రణాళిక ఇవ్వాలి, సంస్కరణలు, పెట్టుబడులు చూపిస్తే దాన్ని ఏడేళ్లకు పొడిగిస్తారు. అందులో ఖర్చు ఏటా ఎంత పెరగొచ్చో రాసుకుంటారు. అప్పు 90 శాతం దాటినవాళ్లు సగటున ఏటా 1 పాయింటు, 60 నుంచి 90 మధ్య ఉన్నవాళ్లు అర పాయింటు తగ్గించాలి. పాతదానికన్నా ఇది మెరుగే. మాంద్యంలో లోటు పెరిగిందని ఇంకా కోత పెట్టమనే మొండితనం కొంత తగ్గింది, ఎందుకంటే ఖర్చు ప్రభుత్వం చేతిలో ఉంటుంది, లోటు పూర్తిగా ఉండదు.

ఏడాది గడవకముందే రక్షణ ఖర్చు వచ్చిపడింది. 2025లో ఏటా జీడీపీలో 1.5 శాతం దాకా రక్షణ మీద అదనంగా పెట్టుకునేందుకు నాలుగేళ్ల వెసులుబాటు ఇచ్చారు. ఉమ్మడిగా 15,000 కోట్ల యూరోల రుణ పథకం కూడా పెట్టారు. రష్యా పక్కనున్న బాల్టిక్ దేశాలకు ఇది ప్రాణం మీది సంగతి. కానీ వెసులుబాటు అంటే నిబంధన నుంచే మినహాయింపు, అప్పు నుంచి కాదు. అది పుస్తకంలో చేరుతూనే ఉంటుంది.

ఇప్పుడు అందరికీ ఫ్రాన్స్ గురించి టెన్షన్ ఎందుకు?

పరిమాణం వల్ల. గ్రీసు యూరోజోన్‌లో చిన్న భాగం, ఫ్రాన్స్ రెండో పెద్ద ఆర్థిక వ్యవస్థ. దాన్ని ఆదుకునేంత పెద్ద నిధి ఎవరి దగ్గరా లేదు. 2024లో లోటు జీడీపీలో 5.8 శాతం, అప్పు 113 శాతం. ఆ దేశం చివరిసారి బడ్జెట్‌ను సరితూచింది 1974లో. పార్లమెంటులో ఎవరికీ మెజారిటీ లేదు. 2024 డిసెంబరులో బడ్జెట్ గొడవ మీద ప్రధాని బార్నియే ప్రభుత్వం, 2025 సెప్టెంబరులో కోతల ప్రతిపాదన మీద ప్రధాని బైరూ ప్రభుత్వం కూలిపోయాయి. అదే సెప్టెంబరులో, అప్పు తీర్చే సామర్థ్యానికి మార్కులు వేసే ఫిచ్ అనే సంస్థ ఫ్రాన్స్ రేటింగ్ తగ్గించింది. ఫ్రాన్స్ పదేళ్ల బాండ్ల వడ్డీ ఇటలీ వడ్డీకి దాదాపు సమానమైంది. పదేళ్ల కిందట ఎవరైనా ఈ మాట అంటే నమ్మేవాళ్లు కాదు.

సెంట్రల్ బ్యాంకుకు సంబంధం ఎక్కడంటే, అప్పు 113 శాతం ఉన్న దేశానికి సగటు వడ్డీ 1 పాయింటు పెరిగితే కాలక్రమంలో ఏటా జీడీపీలో 1.13 శాతం అదనంగా వడ్డీకే పోతుంది. ఇటలీకైతే 1.35. దాదాపు 24 శాతం అప్పున్న ఎస్టోనియాకు పావు శాతం కూడా పడదు. ఈసీబీ ధరలు అదుపు చేయడానికి పెంచే ప్రతి అడుగూ ఇలా ఎక్కడో ఒక ఖజానాకు తగులుతుంది. ఆ దెబ్బ చూసి ఈసీబీ వెనకడుగు వేస్తుందేమోనన్న అనుమానమే దాని విశ్వసనీయతకు పెద్ద పరీక్ష.

జర్మనీ దగ్గర డబ్బుంది కదా, ఖర్చు పెడితే అందరికీ మేలు కాదా?

మేలే, ఆ మాట చాలామంది ఏళ్లుగా చెబుతున్నారు. కానీ 2009లో జర్మనీ రాజ్యాంగంలోనే అప్పుకు కళ్లెం వేసుకుంది, ఫెడరల్ ప్రభుత్వ నిర్మాణాత్మక లోటు (ఆర్థిక ఎగుడుదిగుళ్లను పక్కనపెట్టి లెక్కేసిన లోటు) జీడీపీలో 0.35 శాతం మించకూడదు. 2023 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం 6,000 కోట్ల యూరోల ఒక మళ్లింపును కొట్టేస్తే ప్రభుత్వ సంకీర్ణమే కదిలిపోయింది. రైలు వంతెనలు, రోడ్లు పాతబడుతున్నా పొదుపే ధర్మం అనుకున్నారు. 2025 మార్చిలో ఆ కళ్లెం సడలించారు. జీడీపీలో 1 శాతం మించిన రక్షణ ఖర్చుకు మినహాయింపు, మౌలిక వసతులకు 12 ఏళ్లలో 50,000 కోట్ల యూరోల నిధి. ఆలస్యమైనా సరైన పని అని నా అభిప్రాయం. అయితే 60 శాతం పైచిలుకు అప్పున్న జర్మనీ చేయగలిగింది 113 శాతం ఉన్న ఫ్రాన్స్, 135 ఉన్న ఇటలీ చేయలేవు. దాంతో అంతరం ఇంకో రూపంలో పెరగొచ్చు.

ఈసీబీకి నష్టాలు వచ్చాయట, నిజమేనా?

నిజమే. 2023లో 130 కోట్లు, 2024లో 790 కోట్ల యూరోల చొప్పున. తక్కువ వడ్డీ రోజుల్లో కొన్న బాండ్ల మీద వచ్చేది కొంచెం, రేట్లు పెరిగాక బ్యాంకుల డిపాజిట్లకు కట్టేది ఎక్కువ. సెంట్రల్ బ్యాంకు ఇలా దివాలా తీయదు. కానీ ఏటా ఖజానాలకు వచ్చే లాభాల వాటా ఆగిపోయింది. జర్మనీ సెంట్రల్ బ్యాంకు బుండెస్‌బ్యాంక్ కూడా 2024లో 1,920 కోట్ల నష్టం చూపింది.

బ్యాంకుల సంగతేమిటి?

2014 నవంబరు నుంచి పెద్ద బ్యాంకులను ఈసీబీయే పర్యవేక్షిస్తోంది. మునిగే బ్యాంకును ఎలా మూయాలన్నదానికీ ఉమ్మడి ఏర్పాటుంది. మూడోది, ఉమ్మడి డిపాజిట్ బీమా, 2015లో ప్రతిపాదించినా ఇంకా కాగితం మీదే ఉంది. లక్ష యూరోల దాకా డిపాజిట్‌కు హామీ ప్రతి దేశంలోనూ ఉంది, కానీ ఆ హామీ వెనక నిలబడేది ఆ దేశమే. అంటే బలహీన ప్రభుత్వం, బలహీన బ్యాంకులు ఒకదాని మెడకు ఒకటి చుట్టుకుని ఉన్నట్టే. 2013 మార్చిలో సైప్రస్‌లో హామీ పరిధి దాటిన డిపాజిట్లకు కోత పడింది, ఒక యూరోను దేశం బయటికి పంపాలంటే ఆంక్షలు. సైప్రస్ బ్యాంకులో ఉన్న యూరో, జర్మనీ బ్యాంకులో ఉన్న యూరో అప్పుడు ఒకటి కాలేదు.

ప్రపంచంలో ఇలాంటి ఉమ్మడి కరెన్సీ ఇంకెక్కడైనా ఉందా?

ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో 8, మధ్య ఆఫ్రికాలో 6 దేశాలు సీఎఫ్‌ఏ ఫ్రాంకులు వాడతాయి, యూరోకు 655.957 చొప్పున కట్టేసి ఉంటాయి. 1994 జనవరిలో ఒక్క రోజులో దాని విలువను సగం చేశారు. తూర్పు కరీబియన్ డాలరు 1976 నుంచి అమెరికా డాలరుకు 2.70 దగ్గర స్థిరంగా ఉంది. అక్కడా ఇదే ప్రశ్న, రేటు ఒకరిది, బడ్జెట్‌లు పలువురివి.

ఉమ్మడిగా అప్పు చేయలేరా?

చేశారు, పెద్ద ఎత్తున. 2020 జూలైలో నాలుగు రోజుల వాదోపవాదాల తర్వాత 75,000 కోట్ల యూరోల పునరుద్ధరణ నిధికి యూనియన్ ఒప్పుకుంది. దానికోసం యూరోపియన్ కమిషన్ యూనియన్ పేరు మీద బాండ్లు అమ్మింది. ఇటలీ, స్పెయిన్‌లకు పెద్ద వాటా దక్కింది, అందులో కొంత తిరిగి కట్టనక్కర్లేని సాయం. ఒకే దెబ్బకు అందరూ గురైనప్పుడు ఖజానాలు కలిసి నిలబడగలవని మొదటిసారి తేలింది. 2010లో ఇదే జరిగి ఉంటే గ్రీసులో, పోర్చుగల్‌లో ఎన్ని కుటుంబాలు నిలదొక్కుకునేవో అని అనుకోకుండా ఉండలేను.

ఇది శాశ్వత ఏర్పాటు కాదు. లక్ష్యాలు పూర్తి చేయడానికి గడువు 2026 ఆగస్టు 31, చెల్లింపులకు అదే ఏడాది డిసెంబరు 31. అసలు తిరిగి కట్టడం 2028లో మొదలై 2058 దాకా సాగుతుంది. ఎలా కడతారన్నది ఇంకా తెగలేదు. కొత్త ఉమ్మడి పన్నులు వేస్తే ప్రభుత్వాలు తమ అధికారం పోతుందంటాయి. వేయకపోతే ఉమ్మడి బడ్జెట్‌లో రైతులకు, వెనకబడ్డ ప్రాంతాలకు వెళ్లే డబ్బులోంచి కోయాలి, లేదా సభ్యదేశాలు ఎక్కువ వాటా కట్టాలి. 2028 నుంచి 2034 దాకా బడ్జెట్ కోసం కమిషన్ 2025 జూలైలో దాదాపు రెండు లక్షల కోట్ల యూరోల ప్రతిపాదన పెట్టింది. 27 ప్రభుత్వాలూ ఒప్పుకుంటే గానీ అది నడవదు. ఫ్రాన్స్ లాంటి దేశాలు తమ లోటు తగ్గించుకోవాల్సిన ఏళ్లూ, ఈ ఉమ్మడి అప్పు మొదటి వాయిదాలు కట్టాల్సిన ఏళ్లూ ఒకటే.